చేతి వాచీ చెప్పే గుండె లెక్క: ఎంతవరకు నమ్మొచ్చు?

జగ్గయ్యపేట, నందిగామ వైపు ఊళ్లలో స్మార్ట్‌వాచీ ఇప్పుడు వింత వస్తువేం కాదు. చిల్లకల్లులో ఫజర్ నమాజ్ అయ్యాక నడకకి బయల్దేరే పెద్దవాళ్ల చేతికీ కనిపిస్తుంది, హైదరాబాద్ రోడ్డు మీద రాత్రంతా లారీ తోలే డ్రైవర్ల చేతికీ కనిపిస్తుంది. సౌదీ నుంచో దుబాయ్ నుంచో సెలవుకి వచ్చిన కొడుకు అబ్బా కోసం ఒకటి తెస్తాడు. ఇక్కడున్న పిల్లలు పదిహేను వందలో రెండు వేలో పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. ఇంట్లో బీపీయో షుగరో ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఆ వాచీ మీద కనిపించే అంకెకి విలువ ఇంకా పెరుగుతుంది.

చిక్కంతా ఆ అంకెని ఎలా చదవాలి అన్న దగ్గరే వస్తుంది. ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, మెట్లెక్కి వచ్చి కూర్చున్న అమ్మీ వాచీలో 145 అని కనిపించగానే ఇల్లంతా కంగారు పడటం. రెండోది, ఛాతీ పట్టేసినట్టుగా ఉన్నా, చెమటలు పడుతున్నా, వాచీలో 78 అని చూసి "గుండె బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అని పడుకోబెట్టేయడం. మొదటి పొరపాటుకి ఒక రాత్రి నిద్ర పోతుంది. రెండోదానికి మనిషే పోవచ్చు. అందుకే ఈ వాచీలు ఎలా లెక్కిస్తాయి, ఎక్కడ తప్పుతాయి, ఇంట్లోనే వాటిని ఎలా పరీక్షించుకోవచ్చు అనేది ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

ఆ ఆకుపచ్చ లైటు ఏం చేస్తుంది?

వాచీ తిప్పి చూస్తే వెనకవైపు ఆకుపచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. అసలు పనంతా దానిదే. రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె ఒకసారి కొట్టుకోగానే మణికట్టు చర్మం కింద ఉండే సన్నని నాళాల్లోకి రక్తం ఒక అలలాగా వస్తుంది. ఆ క్షణంలో తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. అల వెళ్లిపోగానే మళ్లీ పెరుగుతుంది. వాచీలోని చిన్న సెన్సర్ ఈ హెచ్చుతగ్గుల్ని పట్టుకుంటుంది. లోపలి ప్రోగ్రాం వాటిని లెక్కించి నిమిషానికి ఇన్నిసార్లు అని చూపిస్తుంది.

అంటే వాచీ గుండెని నేరుగా చూడటం లేదు. గుండె నుంచి బయల్దేరి మణికట్టు దాకా వచ్చిన రక్తపు అలని చూసి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుని ఉంటుందో అంచనా వేస్తోంది. పైగా తిరిగొచ్చే వెలుగులో నాడి వల్ల మారేది చాలా చిన్న భాగం. మిగతాదంతా చర్మం, కండరం, ఎముక నుంచి వచ్చేదే. చెయ్యి కాస్త ఊపినా, వాచీ కాస్త జారినా ఆ చిన్న మార్పు పెద్ద మార్పులో కలిసిపోతుంది.

కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలోకి వచ్చిన వేలి ఆక్సీమీటర్ కూడా ఈ జాతిదే. అయితే అది ఎరుపు వెలుగునీ, కంటికి కనపడని పరారుణ వెలుగునీ వేలి గుండా ఒకవైపు నుంచి రెండోవైపుకి పంపిస్తుంది. వేలి కొసలో రక్తనాళాలు ఎక్కువ, క్లిప్పు కదలకుండా పట్టుకుంటుంది కూడా. అందుకే కదలకుండా కూర్చున్నప్పుడు అది చూపే నాడి సంఖ్య మణికట్టు వాచీ కన్నా నిలకడగా ఉంటుంది.

ఆసుపత్రిలో తీసే ఈసీజీ దారి వేరు. గుండె కొట్టుకునే ప్రతిసారీ దానిలో పుట్టే కరెంటుని అది పట్టుకుంటుంది. ఈ పద్ధతిని తీర్చిదిద్దిన నెదర్లాండ్స్ వైద్య శాస్త్రవేత్త విల్లెం ఐంథోవెన్‌కి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ వాచీ ఖచ్చితత్వం తేల్చాలన్నా పరిశోధకులు పక్కన పెట్టుకునే అసలు కొలత ఈసీజీయే. ఆటగాళ్లు ఛాతీకి కట్టుకునే పట్టీలు కూడా కరెంటునే కొలుస్తాయి. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ కంపెనీ 1980ల మొదట్లోనే వాటిని మార్కెట్లోకి తెచ్చింది.

నబ్జ్ చూడటం పాత విద్యే

మణికట్టు పట్టుకుని గుండె సంగతి తెలుసుకోవడం మన ఇళ్లకి కొత్త కాదు. యునానీ హకీం దగ్గరికి వెళితే ముందు నబ్జ్ చూస్తాడు. వెయ్యేళ్ల కిందటి ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్'లో నాడిని పది గుణాల ప్రకారం పరిశీలించాలని చెప్పాడు. వేగం ఒక్కటే కాదు, బలం, నిండుదనం, లయ తప్పకుండా నడుస్తోందా లేదా అన్నవి కూడా అందులో ఉన్నాయి.

నాడిని నిమిషాల లెక్కలో కొలవడం తర్వాత వచ్చింది. 1707లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఫ్లాయర్ సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారాన్ని ప్రత్యేకంగా చేయించి, దాన్ని పట్టుకుని రోగుల నాడి లెక్కించాడు. వెలుగుతో రక్తపు అలని పట్టే పద్ధతిని 1930ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ వివరించాడు. ఇప్పుడు చేతికున్న వాచీ ఆ రెండింటినీ ఒకచోట చేర్చింది. అయితే హకీం వేళ్లకి తెలిసే బలం, నిండుదనం దాని తెర మీద కనపడవు. కనిపించేది ఒక్క అంకె.

పరీక్షల్లో ఏం తేలింది?

ఈ వాచీలను పరిశోధకులు గట్టిగానే పరీక్షించారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 50 మంది ఆరోగ్యవంతుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి, ఒకే సమయంలో ఈసీజీ, ఛాతీ పట్టీ, చేతి వాచీల లెక్కల్ని పోల్చారు. ఫలితాలు జామా కార్డియాలజీ పత్రికలో వచ్చాయి. రెండు లెక్కలు పూర్తిగా కలిసి నడిస్తే 1 అనుకుంటే, ఛాతీ పట్టీకి 0.99 వచ్చింది. యాపిల్ వాచ్‌కీ మియో ఫ్యూజ్‌కీ 0.91, ఫిట్‌బిట్ ఛార్జ్ హెచ్ఆర్‌కి 0.84, బేసిస్ పీక్‌కి 0.83 వచ్చాయి. కరెంటుని కొలిచే పట్టీ ఈసీజీకి దాదాపు సమానంగా నిలబడితే, వెలుగుతో కొలిచే వాచీలన్నీ దాని వెనకే ఉన్నాయి.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మంది మీద ఏడు రకాల వాచీలు పరీక్షించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. సైకిల్ తొక్కేటప్పుడు తేడా తక్కువ, 1.8 శాతం. నడిచేటప్పుడు ఎక్కువ, 5.5 శాతం. కారణం తెలిసిందే, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి కదలదు, నడిచే మనిషి చెయ్యి ఊగుతుంది. అదే పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో చెప్పడంలో ఒక్క వాచీ కూడా నిలబడలేదు. అన్నింటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. "పొద్దున నడకలో 400 క్యాలరీలు కరిగాయి, ఇంకో ప్లేటు బిర్యానీ తినొచ్చు" అనే లెక్క వాచీని చూసి వేసుకోకూడదన్నమాట.

చర్మం రంగు మాటేమిటి? ఇది మనకి నేరుగా సంబంధించిన ప్రశ్న. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది కాబట్టి చామనచాయ, నలుపు ఒళ్లున్నవాళ్లకి వాచీ తప్పుతుందని చాలామంది అనుమానం. స్టాన్‌ఫర్డ్ పరీక్షలో ముదురు రంగు చర్మానికి పొరపాటు ఎక్కువగా కనిపించింది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు రకరకాల చర్మం రంగులున్న 53 మంది మీద ఆరు పరికరాలు పరీక్షిస్తే, రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తేడా పరికరానికీ పరికరానికీ మధ్య ఉంది, చేసే పనిని బట్టి ఉంది. కూర్చున్నప్పటి కన్నా పనిలో ఉన్నప్పుడు పొరపాటు సగటున 30 శాతం పెరిగింది. రెండు పరీక్షల నుంచీ మనం తీసుకోవాల్సింది ఇదే: వేరేవాళ్ల చేతి మీద వచ్చిన మార్కులు మన చేతికి సరిపోతాయని అనుకోకూడదు. మన చేతి మీద మనమే పరీక్షించుకోవాలి.

ఇందులో పరీక్షించిన మోడళ్లు ఇప్పుడు పాతబడ్డాయి. కొత్తవాటిలో సెన్సర్లు, ప్రోగ్రాంలు మెరుగయ్యాయి. కానీ వెలుగుతో రక్తపు అలని పట్టే సూత్రం మాత్రం అదే, కాబట్టి దాని బలహీనతలూ అవే.

ఎక్కడెక్కడ తప్పుతుంది?

అడుగుల లెక్క గుండె లెక్కలో కలవడం: చురుగ్గా నడిచే మనిషి నిమిషానికి 110, 120 అడుగులు వేస్తాడు. అడుగు అడుగుకీ చెయ్యి ఊగుతుంది, ఆ ఊపుకి చేతిలోని రక్తమూ కదులుతుంది. ఒక్కోసారి వాచీ ఆ ఊపునే నాడి అనుకుని లెక్కిస్తుంది. గుండె 95 కొట్టుకుంటుంటే వాచీ 115 చూపిస్తుంది. నడక ఆపి నిలబడగానే అంకె ఒక్కసారిగా 20 పడిపోతే దాన్ని అనుమానించాల్సిందే.

వదులు పట్టీ: వాచీని గాజులాగా వేలాడేలా పెట్టుకుంటే వెలుగు పక్కల నుంచి లోపలికి దూరుతుంది. మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒకటి రెండు వేళ్లు పైన, జారకుండా ఉండాలి. అలాగని రక్తం ఆగేలా బిగించకూడదు.

తడి, చెమట: వుజూ కోసం వాచీ తీసి మళ్లీ పెట్టుకునేటప్పుడు చర్మం మీద, సెన్సర్ మీద నీళ్లుంటే వెంటనే వచ్చే అంకె సరిగ్గా ఉండదు. తుడుచుకుని, ఒక నిమిషం ఆగి చూడాలి. మిరప కల్లాల దగ్గర, పత్తి చేలల్లో చెమటతో పనిచేసే వాళ్లకీ ఇదే మాట.

పచ్చబొట్టు, మెహందీ: చర్మంలోకి దిగిన పచ్చబొట్టు సిరా వెలుగుని అడ్డుకుంటుంది, ఆ చోట వాచీ పెడితే అంకె రాకపోవచ్చు. వేలికి నల్ల మెహందీ దట్టంగా ఉంటే ఆక్సీమీటర్‌కి కూడా సిగ్నల్ సరిగ్గా అందకపోవచ్చు. పెళ్లిళ్ల రోజుల్లో మెహందీ లేని వేలికి పెట్టి చూడాలి.

చల్లని చేతులు: చలికి చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి. జనవరి తెల్లవారుజామున బండి మీద వచ్చి వెంటనే చూస్తే వాచీకి అల సరిగ్గా అందదు.

ఆలస్యం: చాలా వాచీలు కొన్ని సెకన్ల లెక్కని కలిపి సగటు చూపిస్తాయి. గుండె వేగం ఉన్నట్టుండి పెరిగినప్పుడు వాచీ వెనకబడుతుంది, తగ్గినప్పుడూ అంతే.

ఇవి కాక, అసలు నాడే లేని చోట కూడా అంకె చూపించే వాచీలున్నాయి. కొన్నేళ్ల కిందట చైనాలో జనం టాయిలెట్ పేపర్ చుట్టకి ఫిట్‌నెస్ బ్యాండ్ తొడిగితే దానికీ గుండె వేగం చూపించింది. ఆ వీడియోలు చూసి అందరూ నవ్వుకున్నారు. ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. తిరిగొచ్చే వెలుగులో ఏదో ఒక ఊగిసలాట కనిపిస్తే చాలు, ప్రోగ్రాం దాన్ని నాడిగా మార్చేయగలదు. అందుకే తెర మీద అంకె కనిపించినంత మాత్రాన కొలత జరిగినట్టు కాదు.

ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి

దీనికి కావాల్సినవి వాచీ, సెకన్ల ముల్లున్న గోడ గడియారం, ఒక కాగితం, రెండు వేళ్లు. ఇద్దరు మనుషులుంటే ఇంకా సులువు.

మొదట నాడి పట్టుకోవడం. వాచీ లేని చేతిని పైకి తిప్పి, బొటనవేలి కిందుగా మణికట్టు అంచున చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానికే సొంత నాడి ఉంటుంది, అది లెక్కలో కలుస్తుంది. ఒకరు 30 సెకన్లు లెక్కించి రెండుతో హెచ్చించాలి. లయ సరిగ్గా లేదనిపిస్తే పూర్తి నిమిషం లెక్కించాలి. అదే సమయంలో రెండోవారు వాచీలో అంకె చూసి రాయాలి. లెక్కించే మనిషికి వాచీ అంకె ముందే తెలియకూడదు. తెలిస్తే మనసు ఆ అంకె వైపే లాగుతుంది.

ఐదు సందర్భాల్లో చూడండి. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాక ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి, మామూలు నడక ఆపగానే ఒకసారి, చురుకైన నడక ఆపగానే ఒకసారి, ఆ తర్వాత ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి. నడక ఆపగానే గుండె వేగం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి అప్పుడు మాత్రం 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. ఇందులో ఒక్క దెబ్బ తప్పు లెక్కించినా నాలుగు తేడా వస్తుందని గుర్తుంచుకోవాలి. వేళ్లకి కూడా హద్దులున్నాయి.

ఉదాహరణకి ఒకరి లెక్క ఇలా వచ్చిందనుకుందాం. వేళ్లతో వరసగా 72, 74, 96, 104, 88. వాచీలో 71, 75, 90, 118, 90. తేడాలు: ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఆరు తక్కువ, పద్నాలుగు ఎక్కువ, రెండు ఎక్కువ.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎక్కువల్నీ తక్కువల్నీ కలిపేసి సగటు తీస్తే తేడా రెండే వస్తుంది. "రెండంటే లెక్కేముంది, వాచీ భేషుగ్గా ఉంది" అనిపిస్తుంది. కానీ ఎక్కువా తక్కువా చూడకుండా తేడాల్ని మాత్రమే కూడితే 24, సగటు 4.8. శాతంలో చూస్తే దాదాపు 5. ఇలాంటి పరికరాలకి సగటు తేడా 10 శాతం దాటకపోతే ఫర్వాలేదని సాధారణంగా అంటారు, ఆ లెక్కన ఈ వాచీ పాసైనట్టే. అయినా చురుగ్గా నడిచినప్పుడు అది 104ని 118గా చూపించింది, అంటే 13 శాతానికి పైగా తప్పింది. సగటు మార్కులు బాగున్నా ఒక సబ్జెక్టులో ఫెయిలైన పిల్లాడి లాంటిది ఇది. ప్రకటనల్లో "95 శాతం ఖచ్చితం" అని కనిపిస్తే ఎప్పుడు, కూర్చున్నప్పుడా నడిచినప్పుడా అని అడగాలి.

ఈ పరీక్ష మూడు నాలుగు రోజులు చేస్తే మీ వాచీ గుణం తెలిసిపోతుంది. కూర్చున్నప్పుడు ఐదుకి మించి తేడా రాకపోతే ఆ అంకెని నమ్మొచ్చు. నడిచేటప్పుడు బాగా తప్పుతుంటే ఆ అంకెని పక్కన పెట్టేయండి. ఇంట్లో ఆక్సీమీటర్ ఉంటే కూర్చున్నప్పటి కొలతలకి దాన్నీ సాక్షిగా పెట్టుకోవచ్చు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో డాక్టరు ఎప్పుడైనా ఈసీజీ రాస్తే, చాలా మెషీన్లు కాగితం పైభాగాన గుండె వేగం అచ్చువేస్తాయి. టెక్నీషియన్‌ని అడిగి, ఈసీజీకి ముందు పడుకుని ఉండగా వాచీ చూపిన అంకెతో పోల్చండి. ఇంతకన్నా గట్టి పరీక్ష ఊళ్లో దొరకదు.

నడక వేగానికి వాచీ చెప్పే 'జోన్'లు

చాలా వాచీలు 220లోంచి వయసు తీసేసి, అదే మీ గరిష్ఠ గుండె వేగం అంటాయి. అరవై ఏళ్ల మనిషికి 160 అన్నమాట. ఇది మోటు లెక్క. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది పన్నెండు తేడా ఉండటం మామూలే. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు వాడేవాళ్లకి ఈ లెక్క అసలు కుదరదు, ఎందుకంటే గుండె వేగాన్ని తగ్గించడమే ఆ మందుల పని. వాళ్లు జోన్ అందుకోవాలని బలవంతంగా వేగం పెంచడం మంచిది కాదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి. మధ్యరకం వ్యాయామానికి డాక్టర్లు చెప్పే ఈ గుర్తుకి వాచీ అక్కర్లేదు.

ఎండ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. నందిగామ వైపు మే నెల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఒళ్లు చల్లబడటానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి, ఒంట్లో నీళ్లు తగ్గితే ఇంకా వేగంగా కొట్టుకోవాలి. కాబట్టి మధ్యాహ్నం పనిలోనో, ఎండాకాలం ఉపవాసంలోనో అంకె మామూలు కన్నా ఎక్కువ కనిపిస్తే వాచీ తప్పు కాకపోవచ్చు. గుండె మందులు వాడేవాళ్లు రంజాన్‌కి ముందే మందుల వేళల గురించి డాక్టరుని అడిగి పెట్టుకోవాలి.

లయ తప్పిందని వాచీ చెబితే

ఖరీదైన కొన్ని వాచీలు నాడి లయ తప్పుతోందని హెచ్చరిక ఇస్తాయి. పెద్ద వయసువాళ్లలో ఎక్కువగా కనిపించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ లోపం పక్షవాతానికి దారితీయగలదు, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2019లో వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొంటే, హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. తర్వాత ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఆ లోపం కనిపించింది. మిగతావాళ్లకి లేదని దీని అర్థం కాదు, ఇది వచ్చిపోయే రకం కూడా కావచ్చు. హెచ్చరిక వస్తే కంగారు పడకుండా, అలాగని వదిలేయకుండా, డాక్టరు దగ్గర ఈసీజీ తీయించుకోవడమే దారి. ఈ లోపం ఉన్నప్పుడు కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా రావు, కాబట్టి వాచీ చూపే సంఖ్య అసలు కన్నా తక్కువ ఉండొచ్చు.

బీపీ, షుగర్ చూపే వాచీలు

బజారులో, ఆన్‌లైన్‌లో కొన్ని చవక వాచీలు గుండె వేగంతో పాటు బీపీ, షుగర్ కూడా చూపిస్తామంటాయి. షుగర్ విషయంలో సందేహానికి తావు లేదు. సూది గుచ్చకుండా రక్తంలో షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బీపీకి చేతి పైభాగాన కట్టే పట్టీ మెషీన్, షుగర్‌కి గ్లూకోమీటర్, వీటికి బదులుగా వాచీని పెట్టుకోకూడదు.

78 చూసి ఆగిపోవద్దు

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇది. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోవడం. అప్పుడు గుండె వేగంగా కొట్టుకోవచ్చు, నెమ్మదిగా కొట్టుకోవచ్చు, మామూలుగానూ కొట్టుకోవచ్చు. కాబట్టి వాచీ లెక్క నూటికి నూరు పాళ్లు సరైనదే అయినా, గుండెపోటు లేదని అది చెప్పలేదు. ఈసీజీ తీసే వాచీలు కూడా చెప్పలేవు. వాటిది ఒక్క కోణం నుంచి చూసే ఈసీజీ, ఆసుపత్రిది పన్నెండు కోణాల నుంచి చూసేది.

ఛాతీలో బరువు, నొప్పి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, ఒక్కసారిగా వచ్చిన నీరసం, వీటిలో ఏవి కనిపించినా వాచీ చూస్తూ కూర్చోకూడదు. షుగర్ ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ ఛాతీ నొప్పి లేకుండా కేవలం ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, నీరసంతోనే గుండెపోటు రావొచ్చు. "అమ్మీకి గ్యాస్ ఉంది" అని తెల్లారేదాకా ఆగే ఇళ్లు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో స్టెమీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్న ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి గుండె డాక్టర్లకి పంపి, వాళ్లు సరేనంటే రక్తపు గడ్డని కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ని ఉచితంగా వేయడం దీని ఉద్దేశం. ఆ ఇంజెక్షన్ మొదటి గంటల్లో పడితేనే పూర్తి ఫలితం ఉంటుంది. చిల్లకల్లు నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో బయల్దేరే ముందు దగ్గర్లో ఈసీజీ తీయించడం ఎందుకు ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి వాచీ ఎందుకు పనికొస్తుంది? కదలకుండా కూర్చున్నప్పటి గుండె వేగం రోజూ ఒకే వేళకి చూసి రాసుకోవడానికి బాగా పనికొస్తుంది. పెద్దవాళ్లకి విశ్రాంతిలో 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. ఎప్పుడూ 70 దగ్గర ఉండే మనిషికి వారం రోజులుగా 90 దాటుతుంటే, జ్వరమో రక్తహీనతో థైరాయిడో మరేదో కారణం ఉండొచ్చు. పది నిమిషాలు కూర్చున్నా 100 దాటి ఉండి, వేళ్లతో లెక్కించినా అంతే వస్తే డాక్టరుకి చూపించాలి. 50 కన్నా తగ్గి కళ్లు తిరుగుతుంటే అస్సలు ఆలస్యం చేయకూడదు. అలా రాసుకున్న కాగితం డాక్టరు ముందు పెడితే ఆయనకీ పని సులువవుతుంది. ఇంట్లో వాచీ పెట్టుకునే ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా, మణికట్టు మీద రెండు వేళ్లు ఎక్కడ ఆనించాలో ఈ వారమే నేర్పించండి. ఛార్జింగ్ అయిపోయినా, అంకె తప్పినా ఆ విద్య చేతిలో ఉంటుంది.